సగం గీతలు యాడికి పోయినాయి?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మొదట నవ్వొచ్చింది. నేను కవిని కాను, కథకుణ్ణి కాను. కడపలో ఎంసీఏ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. అందుకే నాకు తెలిసిన సంగతే రాస్తున్నాను. కర్నూలు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన రోజుల్లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకున్నానో, అక్షరం రాని మా అమ్మ నా ప్రోగ్రామ్‌లో తప్పు ఎలా పట్టుకుందో చెబుతాను.

డిగ్రీ రెండో సంవత్సరంలో మాకు జావా పేపరు ఉండేది. క్లాస్ అంటే ఏమిటి, ఆబ్జెక్ట్ అంటే ఏమిటి, ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం... అన్నీ ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. మార్కులూ వచ్చాయి. ప్రాక్టికల్స్ రోజు మాత్రం బస్సు టికెట్ల మీద చిన్న ప్రోగ్రామ్ రాయమన్నారు. నేను బట్టీ పట్టింది బ్యాంకు ఖాతా ప్రోగ్రామ్. గంటసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి మెస్‌లో అన్నం సహించలేదు.

అప్పుడు మా గదిలో ఒక సీనియర్ అన్న దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉండేది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ దానిలో నడవదు. నోట్‌ప్యాడ్‌లో రాయడం, నల్లటి కమాండ్ తెర మీద కంపైల్ చేసి నడపడం, అంతే. బొమ్మలు లేవు, బటన్లు లేవు. అడిగితే జవాబిచ్చే నాలుగు లైన్లు మాత్రమే. నా బాధ విని అన్న ఒకటే మాట అన్నాడు: "నువ్వు ఎప్పుడూ చూడని బ్యాంకు లెక్క ఎందుకురా? నీకు తెలిసిన లెక్క రాయి."

నాకు తెలిసిన లెక్క మేస్త్రీ నోటుబుక్కు ఒక్కటే.

మాది ఆదోని పక్కన పల్లె. మా పక్క వానలు అంతంతమాత్రం. పత్తి తీతలు అయిపోతే ఊళ్లో పని ఉండదు. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, ఇళ్లకు తాళాలు వేసి, గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. పోయేముందు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. పని రోజులు నోటుబుక్కులో రాసుకుంటాడు. చివర్లో అడ్వాన్సు పట్టుకుని మిగతాది చేతిలో పెడతాడు. హాస్టల్లో నా ఖర్చులన్నీ ఆ మిగతాదాంట్లోనే.

అందుకని 'కూలీ' అని ఒక క్లాస్ రాశాను. అందులో పేరు, రోజులు, అడ్వాన్సు. మా అమ్మ ఒక ఆబ్జెక్ట్, మా చిన్నమ్మ ఒక ఆబ్జెక్ట్. క్లాస్ అంటే ఖాళీ పేజీ నమూనా, ఆబ్జెక్ట్ అంటే పేరు రాసిన పేజీ అని అప్పుడు తలకెక్కింది. రోజుల్ని ప్రైవేట్ అని పెట్టాను. బయట నుంచి ఎవరూ నేరుగా ఆ అంకె మార్చలేరు. పని చేసినట్టు రాసే మెథడ్ ద్వారా మాత్రమే అది పెరగాలి. నోటుబుక్కులో 6ను 5 చేయడం తేలిక, ఇక్కడ కుదరదు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదేనని అర్థమైనప్పుడు ఒళ్లు జలదరించింది.

మొదట్లోనే ఒక బోల్తా పడ్డాను. మెయిన్ నుంచి నేరుగా అడ్వాన్సు వాడబోతే ఎర్రర్ వచ్చింది. స్టాటిక్ అని చేరిస్తే ఎర్రర్ పోయింది. సంతోషంగా నడిపితే అమ్మకు 5,000 ఇచ్చాక చిన్నమ్మ పేరు మీద కూడా 5,000 కనిపించింది! స్టాటిక్ అంటే క్లాస్‌ మొత్తానికి ఒకటే గల్లాపెట్టె. ఊరందరి అప్పు అందరి నెత్తిన పడింది. ఎర్రర్ నోరు మూయించడం, తప్పు దిద్దడం రెండూ ఒకటి కాదని ఆ రోజు తెలుసుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో అమ్మ తిరిగొచ్చింది. తాను 46న్నర రోజులు చేశానంటుంది. మేస్త్రీ లెక్కలో 45. అమ్మకు చదువు రాదు గానీ, పోయేటప్పుడు క్యాలెండర్‌లోంచి ఫిబ్రవరి, మార్చి కాగితాలు చించి మడిచి కొంగున కట్టుకుపోయింది. రోజంతా చేస్తే ఆ తేదీ గడిలో నిలువు గీత, ఒక పూట చేస్తే సగం గీత. నిండు గీతలు 42, సగం గీతలు 9.

"ఉండమ్మా, కంప్యూటర్ తేలుస్తుంది" అని, సెలవులకు ఇంటికి తెచ్చుకున్న అన్న ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక్కో గడి చూసి ఎక్కించాను. జవాబు 42 అని వచ్చింది. మేస్త్రీ కంటే నేనే ఎక్కువ కోసేశాను! అయినా నా నోటి నుంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నువ్వే ఎక్కడో తప్పు గీసుంటావ్‌మ్మా, కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్నాను.

అమ్మ కోప్పడలేదు. కాగితం నా ముందు పరిచి, ఒక్కో సగం గీత మీద వేలు పెట్టి అడిగింది: "మరి ఈ సగం గీతలు యాడికి పోయినాయిరా?"

ఆ ప్రశ్నతోనే తప్పు దొరికింది. ఎక్కించేటప్పుడు పూటలు అడిగి, వాటిని రెండుతో భాగించి రోజులకు కలుపుతున్నాను. అన్నీ పూర్ణాంకాలే. రెండు పూటలైతే ఒక రోజు, సరిపోతుంది. ఒక పూటయితే ఒకటిని రెండుతో భాగించాలి. జావాలో పూర్ణాంకాల భాగహారంలో దశాంశం రాలిపోతుంది, వచ్చేది సున్నా. హాస్టల్లో నిండు రోజులతోనే పరీక్షించి చూసుకున్నాను. ఒంటిపూట కష్టం నా పరీక్షలోనే లేదు. అమ్మ తొమ్మిది పూటలు అలా గాలికి పోయాయి.

మరుసటి రోజు మార్చి రాశాను. రోజులు కాదు, పూటలే దాచాలి. 42 రోజులకు 84, దానికి 9 కలిపితే 93 పూటలు. పూటకు 200 చొప్పున 18,600. అడ్వాన్సు 5,000 పోను 13,600. అమ్మ చెప్పిందే నిజం. క్యాలెండర్ కాగితాలు తీసుకుని మేస్త్రీ దగ్గరికి పోయాం. తేదీ తేదీ సరిచూస్తే పేజీ తిప్పినచోట మూడు పూటలు ఎక్కలేదని ఆయనే ఒప్పుకుని 600 ఇచ్చాడు. ల్యాప్‌టాప్ తెరవాల్సిన పనే పడలేదు.

తర్వాతి ఏడాది కిలోల లెక్కన కోతకు ఒప్పుకున్నారు. కూలీ క్లాస్‌ను మళ్లీ మొదటి నుంచి రాయలేదు. దాని నుంచి 'తూకం కూలీ' అని పిల్ల క్లాస్ తీశాను. పేరు, అడ్వాన్సు తల్లి నుంచే వచ్చాయి, అది ఇన్‌హెరిటెన్స్. కూలి కట్టే మెథడ్ మాత్రం కిలోల ప్రకారం కొత్తగా రాశాను. 'కూలి కట్టు' అని ఒకే మాట చెబితే ఎవరి లెక్క వాళ్లు కట్టుకుంటారు, అది పాలిమార్ఫిజం. తర్వాత చదివితే తెలిసింది: క్లాస్, ఆబ్జెక్ట్ అనే ఈ పద్ధతికి మూలం 1960లలో నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ తయారుచేసిన సిములా భాష. వాళ్లు దాన్ని తయారుచేసింది లోకంలో జరిగే పనుల్ని కంప్యూటర్‌లో నడిపి చూడటానికే. మన లోకాన్ని మనం రాసుకోవడమూ అదే కదా!

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పెద్ద కంప్యూటర్ లేదని ఆగిపోకండి. మెస్ సరుకుల రిజిస్టర్, లైబ్రరీ పుస్తకాలు, ఆదివారం క్రికెట్ స్కోరు, ఇంట్లో గొర్రెల లెక్క... ఏదైనా నల్ల తెర మీద రాయొచ్చు. ముందు కాగితం మీద రాయండి. ఎవరి దగ్గర ఏ సమాచారం ఉండాలో, దాన్ని ఎవరు మార్చవచ్చో నిర్ణయించుకోండి. నిండు అంకెలతోనే కాదు, సున్నాతోనూ సగంతోనూ పరీక్షించండి. జవాబు వచ్చాక, ఆ లెక్క ఎవరిదో వాళ్లకు చూపించండి.

ఆ క్యాలెండర్ కాగితాలు రెండూ ఇప్పుడు కడపలో నా పెట్టెలో ఉన్నాయి. కొత్త ప్రోగ్రామ్ ముగించిన ప్రతిసారీ అమ్మ అడిగిన ప్రశ్ననే నన్ను నేను అడుగుతాను. నాకు అన్నం పెట్టి, చదువుకోవడానికి గది ఇచ్చిన మన హాస్టల్‌కు నమస్కారాలతో,

మీ పూర్వ విద్యార్థి,
ఎంసీఏ, కడప