బాగేపల్లిలో ఆగిన బండి

ప్రయాణంలో వంట మానుకుంటే సగం బరువు తగ్గుతుందంటారు. మా అమ్మ ఉన్నచోట ఆ మాట చెల్లదు. ఎనభై దాటిన మనిషి. పరాయి చేతి వంట ముట్టదు. పోయిన పుష్యమాసంలో, కంటి ఆపరేషనుకు ముందు ఒక్కసారి పుట్టిన ఊరు చూస్తానని ఆమె పట్టుబట్టింది. అందుకని మా నాయన ఏనాడో వేలంలో కొన్న పాత ట్రెయిలరును కారుకు తగిలించుకుని బెంగళూరులో బయలుదేరాము. ఒకప్పుడు రోడ్డుపనివాళ్ల శిబిరంలో ఉండిన బండి అది. రెండు బల్లలు, ఒక పొయ్యి, కిటికీ కింద చిన్న స్టీలు సింకు. అంతే సంసారం.

హైదరాబాదుకు పోయే 44వ నంబరు రహదారిలో, బెంగళూరుకు సుమారు నూరు కిలోమీటర్ల దూరాన ఉన్నది బాగేపల్లి. లేపాక్షికి పోయే మన కుటుంబాలవారు దీన్ని దాటి, కొడికొండ దగ్గర పక్కకు తిరుగుతారు. ఊళ్లోకి దిగేవారు తక్కువ. మేమూ దిగేవాళ్లం కామేమో! దారిలో ఆగి అమ్మ కాఫీగిన్నె కడిగితే, ఆ నీళ్లు గొట్టంలోకి పోక మా కాళ్ల కిందికి వచ్చాయి.

బాగేపల్లిలో ఒక పనివాడు బండి కిందా మీదా చూశాడు. సింకు అంచు కింది లప్పం ఎప్పుడో ఎండి పొడి అయిపోయింది. ఆ సందులోంచి ఏళ్ల తరబడి నీరు దిగి చెక్క నానింది. వేలితో నొక్కితే పిండిలా రాలింది. నీళ్లు పోయే రంధ్రం చుట్టూ స్టీలుకు చీలిక కూడా ఉంది. "అతుకేస్తే నిలవదన్నా, మార్చల్ల" అన్నాడు.

మార్చేదెలాగూ మారుస్తున్నాము గదా, పెద్దదే పెట్టించుదామనుకున్నాము. అతడు పాత సింకును అట్టమీద బోర్లించి చుట్టూ గీత గీశాడు. "పెద్దదైతే పలక ఇంకా కోయల్ల. కోస్తే మిగిలిన చెక్క బరువు మోయదు" అని తేల్చేశాడు. కుళ్లినమేర తీసి కొత్త ప్లైవుడ్డు ముక్క వేశాడు. కోసిన అంచులకు నీరు పట్టకుండా వార్నీషు పూశాడు. పాత కొలతకే దొరికిన సింకును కింది క్లిప్పులతో, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పుతూ బిగించాడు. ఒకవైపే బిగిస్తే రెండోవైపు లేస్తుందట. బండి గతుకుల్లో ఊగుతుంది గనుక గట్టి గొట్టం వద్దని, వంగే గొట్టం పెట్టాడు. చివరికి అంచు చుట్టూ సిలికాను పట్టించి, "ఒక దినం ఆరల్ల. కదిపితే పనంతా నీళ్లపాలే" అన్నాడు.

మరునాడు సాయంత్రానికి అమ్మ ఆసుపత్రిలో ఉండాలి. వంటబండి కదలదు. "తిండి ఒక్కపూట లేకపోతే చావను, పదండి" అని అమ్మే ముందు కారెక్కింది.

ఈ సీమలో బోర్డులు కన్నడం, నోళ్లు తెలుగు. 1956లో భాషలవారీగా రాష్ట్రాలు కుదిరినప్పుడు బాగేపల్లి మైసూరులోనే నిలిచింది. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలో చేరింది. 2025 జూలైలో దీనికి భాగ్యనగర అని పేరు పెట్టాలని కర్ణాటక మంత్రివర్గం నిర్ణయించింది. మా పనివాడినడిగితే, "పేరేదైనా కానీ, నీళ్లు రావల్ల" అన్నాడు.

ఆ మాటకు అర్థం అమ్మ పల్లెలో తెలిసింది. ఆమె పుట్టిన ఇల్లు లేదు. ఖాళీ జాగా, ఒక వేపచెట్టు. అమ్మ చెట్టును తడిమి, పక్కింటి బోరు దగ్గర దోసిలి పట్టింది. "ఆ నీళ్లు తాగొద్దవ్వా!" అంటూ ఆ ఇంటి ఇల్లాలు పరుగున వచ్చింది. ఈ తాలూకాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్లకు గారపడుతుంది, ఏళ్లు గడిస్తే ఎముకలు పట్టేస్తాయి. కాచినా అది పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. అందుకే తాగడానికి శుద్ధి చేసిన నీళ్లు క్యాన్లలో తెచ్చుకుంటారు. పెన్నలో కలిసే చిత్రావతి ఈ తాలూకాలోంచే పోతుంది. పరగోడు దగ్గర కట్టిన ఆనకట్ట నీరు పట్టణానికి ఆధారం.

ఆ ఇల్లాలు క్యాను వంచి చెంబునిండా నీళ్లిచ్చింది. డబ్బుపెట్టి మోసుకొచ్చిన నీళ్లు! అమ్మ తాగింది. తరువాత సంగటి, అనపగింజల పితికిపప్పు పెడితే, మేము ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఆకు ఎత్తకుండా తినింది. చేయి కడిగిన నీళ్లను ఇల్లాలు కరివేపాకు మొదట్లో పోయించింది. "మా అమ్మా ఇంతే, చుక్క పారేయనిచ్చేది కాదు" అన్నది అమ్మ. ఆ పగలంతా ఆమె అన్న మాట అదొక్కటే.

మరునాడు కొత్త సింకును నింపి, అడుగున కాగితం పరిచి పావుగంట చూశాము. కాగితం తడవలేదు. అమ్మ అందులో మొదట కడిగింది, రాత్రికి తినమని ఆ ఇల్లాలు పప్పు పోసిచ్చిన గిన్నె. కడిగిన నీళ్లు బకెట్టులో పట్టించి, పనివాడి గుడిసె ముందున్న బంతిమొక్కకు పోయించింది.

ఆపరేషను బాగా జరిగింది. గిన్నె మా ఇంట్లోనే ఉంది. ఒకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు గదా! అందులో ఏమి పోసి తీసుకుపోవాలన్నదే ఇప్పుడు మా అమ్మ ఆలోచన.