ఊయల కొసన ఒక క్షణం

పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సులో వికసించిన రొకోకో చిత్రకళను పండితులు చాలాకాలం చులకనగానే చూశారు. పట్టువస్త్రాలు, పూపొదలు, సరసాలు తప్ప అందులో ఏమున్నదని వారి ఆక్షేపణ. కొలతలతోనూ యంత్రాలతోనూ కాలం గడిపిన మాబోటి వారికి మాత్రం ఆ తేలికదనంలోనే గొప్ప పనితనం కనిపిస్తుంది.

ఫ్రాగొనార్ 1767-68 ప్రాంతంలో చిత్రించిన 'ఊయల'నే చూడండి. లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఉన్న ఈ చిత్రం ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 64. గులాబీరంగు గౌను ధరించిన యువతి ఊగుతున్నది. వెనుక నీడలో ఒక పెద్దమనిషి తాళ్ళు పట్టి ఊపుతున్నాడు. ముందు పొదలలో దాగిన యువకుడు మైమరచి ఆమెనే చూస్తున్నాడు. ఆమె కాలి జోడు ఒకటి గాలిలోకి ఎగిరింది. ప్రక్కనున్న మన్మథ శిల్పం పెదవులపై వేలుంచి, చప్పుడు చేయవద్దన్నట్లున్నది. ఊపుతున్న ఆయనకు ఈ సంగతేమీ తెలియదు, పాపం!

నాటకకర్త కొల్లే తన దినచర్యలో వ్రాసుకొన్నదాని ప్రకారం, ఆస్థానానికి చెందిన ఒక ప్రభువు తన ప్రియురాలిని ఊయలపై కూర్చుండబెట్టి, ఒక బిషప్పు చేత ఊపిస్తున్నట్లు వేయుమని మొదట ద్వాయాన్ అనే చిత్రకారుని కోరాడట. ఆయన జోడు ఎగురవేస్తే బాగుంటుందని సలహా మాత్రం ఇచ్చి, పనిని ఫ్రాగొనార్‌కు తప్పించాడు. ఫ్రాగొనార్ బిషప్పును తీసివేసి సామాన్య గృహస్థును నిలిపాడు.

లోలకం కొసకు చేరిన క్షణాన దాని వేగం సున్న అని మనమందరం చదువుకొన్నదే. చిత్రకారుడు సరిగా ఆ క్షణాన్నే పట్టుకొన్నాడు. మరుక్షణం ఊయల వెనుదిరగాలి. ఆమె మళ్ళీ ఆ నీడలోనికే, ఆ పెద్దమనిషి వైపే పోవాలి. ఇంత ఉల్లాసంలోనూ మాకు సన్నని బెంగ తోచేది అందుకే.

ఫ్రాగొనార్‌కూ అటువంటి మలుపు తప్పలేదు. 15వ లూయీ ప్రియురాలు మదామ్ దు బారీ తన విహార మందిరానికై 1771లో నాలుగు ప్రణయ చిత్రాలు పురమాయించింది. ఒక్కొక్కటి మూడు మీటర్లకు పైగా ఎత్తు. తీరా పూర్తయినాక వాటిని త్రిప్పి పంపి, వియెన్ అనే చిత్రకారుని చేత గ్రీకు ధోరణిలో వేరే చిత్రాలు వేయించుకొన్నది. తయారైన సరుకు తిరిగివస్తే ఎట్లుంటుందో మన స్టోర్సు విభాగం వారికి వేరే చెప్పనక్కరలేదు. 1793లో విప్లవకారులు ఆమెను గిలొటిన్‌కు పంపారు.

ఆ నాలుగు చిత్రాలు ఇప్పుడు న్యూయార్కులోని ఫ్రిక్ కలెక్షన్‌లో ఉన్నాయి. వాటిని ఫ్రాగొనార్ 1790లో తన జన్మస్థలమైన గ్రాస్‌కు తీసుకొనిపోయి, బంధువుల ఇంటి గదిలో అమర్చాడు. గోడలు ఇంకా మిగిలితే మరికొన్ని చిత్రాలు వేశాడు. ఇరుకైన చోట్లకు సరిపోయేటట్లు నిలువుగా హాలీహాక్ పూల మొక్కలు వేశాడు. అప్పటికాయన వయస్సు 58 ఏండ్లు.