ముండ్లబంతి చేసిన సేవ

సముద్రజీవులలో సీ అర్చిన్ మిక్కిలి వింతయైనది. దానికి తల లేదు, తోక లేదు. గుండ్రని సున్నపు పెంకు, ఆ పెంకు నిండ ముండ్లు, ఇదియే దాని రూపము. అర్చిన్ అను ఆంగ్లపదమునకు పూర్వము ముండ్లపంది అని అర్థము. దీని నోరు దేహమునకు అడుగుభాగమున ఉండును. అందు ఐదు పండ్లు గలవు. ఆ పండ్ల అమరికను ప్రాచీన గ్రీకు పండితుని పేరిట 'అరిస్టాటిల్ లాంతరు' అని వ్యవహరింతురు. ముండ్ల నడుమనుండి వెలువడు సన్నని గొట్టపుకాళ్లతో ఈ జీవి రాళ్లను పట్టుకొని మెల్లగా కదలుచు, వానిపై పెరిగిన నాచును గీకి తినును.

విశాఖపట్టణమున ఒక గృహస్థుడు తన యింట ఉప్పునీటి అక్వేరియమును నెలకొల్పెను. అందు రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు ఉండెను. కొన్ని మాసములకు రాళ్లపై నాచు దట్టముగా అల్లుకొనెను. ఎంత తోమినను మరల పెరుగుచుండెను. అప్పుడాయన ఒక చిన్న అర్చిన్‌ను కొని తెచ్చెను. తెచ్చినవెంటనే దానిని తొట్టిలో వేయలేదు. అది యున్న నీటిలో తొట్టినీటిని చుక్కచుక్కగా చాలసేపు కలిపి, పిదప విడిచెను. నీటిలోని ఉప్పు హఠాత్తుగా మారినచో అర్చిన్ తాళలేదు.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు అద్దము చెంత నిలిచి, "తాతయ్యా! దీని ముండ్లు చేపలకు గ్రుచ్చుకొనవా?" అని అడిగెను.

"లేదమ్మా! ఈ చేపలు దాని జోలికి పోవు, అది వీని జోలికి రాదు. ట్రిగ్గర్ చేపను తెచ్చితిమా, అది దీనిని ముండ్లతో సహా కొరికివేయును. పొరుగు మంచిదైననే కాపురము నిలుచును" అని ఆయన నవ్వెను.

తొట్టిలో నీరు తగ్గినప్పుడు ఆమె ఉప్పునీరు పోయబోయెను. ఆయన వారించి, "ఆవిరియై పోవునది నీరే గాని ఉప్పు కాదు. కావున మంచినీరే పోయవలెను. సముద్రపునీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండును. ఇందును అంతే యుండవలెను" అని బోధించెను.

కొన్నివారములకు రాళ్లు శుభ్రపడెను. ఇంటికి వచ్చినవారెల్లరు అర్చిన్‌ను మెచ్చుకొనిరి. తరువాత దానిని గూర్చి తలచినవారు లేరు. ఒక ఉదయమున తొట్టి అడుగున నాలుగైదు ముండ్లు రాలి కనబడెను. గృహస్థుడు కలతపడి నీటిలోని ఉప్పును, వేడిమిని పరీక్షించెను. రెండును సరిగానే యుండెను.

బాలిక కొంతసేపు పరికించి, "తాతయ్యా! చేపలకు రోజును మేత వేయుచున్నాము. రాళ్లపై నాచంతయు అయిపోయినది గదా, ఇది ఏమి తినుచున్నది?" అనెను.

ఆయన సిగ్గుపడెను. తొట్టిని శుభ్రముచేసిన ప్రాణి ఆ శుభ్రతవలననే ఆకలితో కృశించుచుండెను! ఆనాడే ఎండిన సముద్రపు నాచురేకులను తెచ్చి, ఒకదానిని రాతికి కట్టి తొట్టిలో నుంచెను. రాత్రికి అర్చిన్ దానిపైకి ప్రాకి తినసాగెను. క్రమముగా రాలినచోట క్రొత్త ముండ్లు మొలిచెను.

ఆ రాత్రి ఆయన మనుమరాలికి కరీబియన్ సముద్రపు వృత్తాంతమును చెప్పెను. 1983వ సంవత్సరమున పనామా తీరమున పొడవాటి ముండ్లు గల నల్లని అర్చిన్‌లు మరణింపసాగెను. సుమారు ఒక సంవత్సరములోనే ఆ వ్యాధి కరీబియన్ ప్రాంతమంతట వ్యాపించి, నూటికి తొంబదికి పైగా అర్చిన్‌లను హరించెను. జమైకా తీరమున మితిమీరిన వేటచే నాచు తినెడు చేపలు అప్పటికే తగ్గియుండెను. అర్చిన్‌లును పోవుటతో నాచు విజృంభించి పగడపు దిబ్బలను కప్పివేసెను. అంతవరకు సామాన్యముగ తోచిన ఆ ముండ్లబంతులు ఎంతటి సేవ చేయుచుండెనో, అవి లేనప్పుడు గాని లోకమునకు తెలియలేదు.

బాలిక చాలసేపు మాటాడలేదు. పిదప, "మనమును ఏరు దాటి తెప్ప తగులబెట్టబోతిమి, తాతయ్యా!" అనెను.

మరునాటినుండి నాచురేకును కట్టు పని ఆమెదే. పరీక్షల దినములలోను ఆమె దానిని మరువలేదు.