వేలు పెట్టే ముందు

మేము ఉట్నూరు ఏజెన్సీలో గోండు పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులం. డి.ఎడ్. చదివిన రోజుల్లో మాలో చాలామందిమి కంప్యూటర్‌ను పుస్తకంలో బొమ్మగానే చూశాం. ఇప్పుడు మా జేబులో ఉన్న ఫోనే ఒక కంప్యూటర్. పిల్లల హాజరు దానిలోనే వేస్తున్నాం. మా పెద్దల రేషన్, పింఛన్, ఉపాధి కూలీ, పిల్లల స్కాలర్‌షిప్ అన్నీ ఏదో ఒక యంత్రం దాటుకునే వస్తున్నాయి. యంత్రాలు గూడేనికి వచ్చాయి కానీ వాటి మాటలు ఇంకా రాలేదు. ఓటీపీ చెప్పమంటే చెప్పేస్తున్నాం. వేలు పెట్టమంటే పెట్టేస్తున్నాం.

వేలు పెట్టడం మనకు కొత్త కాదు. వడ్డీ వ్యాపారి కాగితం మీద ఏం రాసి ఉందో తెలియక మన తాతలు వేలిముద్ర వేశారు. భూములు అలాగే పోయాయి. అందుకే కంప్యూటర్ మాటలను మేము పరీక్ష కోసం చెప్పడం లేదు, మోసపోకుండా ఉండడానికి చెబుతున్నాం.

సులువైన వాటితో మొదలుపెడదాం. చేత్తో తాకగలిగేది హార్డ్‌వేర్, దానిచేత పని చేయించేది సాఫ్ట్‌వేర్. తుడుం హార్డ్‌వేర్ అయితే దాని మీద వేసే దరువు సాఫ్ట్‌వేర్. ఫోన్‌లోని యాప్‌లన్నీ సాఫ్ట్‌వేరే. ర్యామ్ అంటే మన నల్లబల్ల. పని జరుగుతున్నంతసేపు రాసుకుంటుంది, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోతుంది. స్టోరేజ్ అంటే రిజిస్టరు. రాసింది మనం కొట్టివేసేదాకా ఉంటుంది.

ఇంటర్నెట్, బ్రౌజర్, గూగుల్ మూడూ ఒకటే అని పిల్లలు అనుకుంటారు. ఇంటర్నెట్ అంటే ఊళ్లను కలిపే దారులు. వెబ్‌సైట్ ఆ దారి మీద ఉన్న ఒక ఇల్లు, గోండిలో చెబితే రోన్. ఆ ఇంటి చిరునామాను యూఆర్‌ఎల్ అంటారు. మనల్ని అక్కడికి చేర్చే బండి బ్రౌజర్. గూగుల్ దారి చెప్పే మనిషి లాంటిది. దారి చెప్పే మనిషి మొదట చూపించిన ఇల్లే అసలు ఇల్లు కావాలని లేదు. డబ్బు తీసుకుని ముందు చూపించే ప్రకటనలూ ఉంటాయి. స్కాలర్‌షిప్ కోసం వెతికేటప్పుడు చిరునామా అక్షరం అక్షరం చదవమని మా పదో తరగతి పిల్లలకు చెబుతాం. పక్కన తాళం బొమ్మ ఉంటే దారిలో మన మాటలు ఇంకొకరు చదవలేరని మాత్రమే అర్థం. ఆ ఇంటివాడు మంచివాడని కాదు.

మా ఊళ్లలో అందరికీ తెలిసిన మాట ఒకటి ఉంది, ‘సర్వర్ లేదు’. సర్వర్ అంటే ఎక్కడో దూరాన ఎప్పుడూ నడుస్తూ, అడిగినవారికి సమాచారం ఇచ్చే కంప్యూటర్. అది ఆగితే అందరికీ ఆగుతుంది. సిగ్నల్ రాకపోవడం వేరు. అది మన గుట్టల మధ్య సమస్య, కొంచెం ఎత్తుకు వెళితే తీరవచ్చు. వేలిముద్ర పడకపోవడం ఇంకా వేరు. పత్తి ఏరీ, మట్టి తవ్వీ గీతలు అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తుపట్టదు. అప్పుడు చెయ్యి కడిగి తుడుచుకుని వేరే వేలు పెట్టవచ్చు. రేషన్ అయితే కార్డులో పేరున్న ఇంకొకరు వెళ్లవచ్చు. ఈ మూడింటికీ కలిపి ‘సర్వర్ లేదు’ అనే ఒక్క మాట చెబితే ముసలమ్మ ఖాళీ సంచితో నాలుగు కిలోమీటర్లు తిరిగి నడుస్తుంది. ఏది లేదని అడగగలిగితే చాలు, సగం తిరుగుడు తప్పుతుంది.

ఇక అసలు జాగ్రత్త పడవలసిన మాటలకు వద్దాం. యూజర్‌నేమ్ అంటే మనం ఎవరమో చెప్పే పేరు, నలుగురికీ తెలిసినా ఫర్వాలేదు. పాస్‌వర్డ్, పిన్ తాళంచెవులు. ఓటీపీ ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి. అది మన ఫోన్‌కు వచ్చిందంటే ఎవరో మన తలుపు తెరవబోతున్నారని అర్థం. తెరిచేది మనమే అయితే సరే, లేకపోతే ఎవరికీ చెప్పకూడదు. ఫోన్‌లో డబ్బు పంపడానికే పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. ‘మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే అది మోసమే.

బయోమెట్రిక్ అంటే శరీరాన్నే తాళంచెవి చేయడం. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చిన్న యంత్రంతో ఖాతాలోంచి డబ్బు తీయవచ్చు. దానికి పిన్, ఓటీపీ అవసరం లేదు. ఎంత ఉందో చూడడానికీ వేలే, తీయడానికీ వేలే. ఒక సంతలో ఇలాగే ‘పడలేదు, మళ్లీ పెట్టు’ అని రెండుసార్లు వేలు పెట్టించి, ఒకసారి ఇచ్చిన డబ్బుకు రెండుసార్లు తీసిన సంగతి మా దగ్గరికి వచ్చింది. పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడితే మార్చుకుంటాం. వేలిని మార్చుకోలేం కదా. అందుకే వేలు పెట్టే ముందు మూడు మాటలు నేర్పుతున్నాం: ‘సేటు, ఎందుకు? ఎంత? చీటీ ఇయ్యి.’ ఆధార్‌లో బయోమెట్రిక్‌ను లాక్ చేసుకునే వీలు కూడా ఉంది. ఫోన్ నంబరు ఆధార్‌కు జతచేసి ఉండాలి. రేషన్‌కు వెళ్లే ముందు మళ్లీ తెరవాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

చివరగా ఒక మాట మన భాష గురించి. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచ భాషల్లోని ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే ఏర్పాటు పేరు యూనికోడ్. 1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో మన యువకులు ఉపాధ్యాయులుగా శిక్షణ పొందినప్పుడు గోండి వాచకాలను దేవనాగరి అక్షరాల్లో రాయవలసి వచ్చింది. మన గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంతకు ముందు ఏడాది మసరాం గోండి లిపికి దక్కింది. అంటే ఆ అక్షరాలను ఇప్పుడు ఏ కంప్యూటర్ అయినా గుర్తించగలదు. కానీ ఫోన్‌లో ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఫాంట్ అంటే అక్షరాల రూపాలు ఉన్న ఫైలు. చోటు దొరికింది, ఇక రాయవలసింది మనమే.

మేము ఒక పని మొదలుపెట్టాం. వారానికి ఒక కంప్యూటర్ మాట ప్రార్థన సమయంలో చెబుతాం. పిల్లలు దాన్ని ఇంటికి వెళ్లి అవ్వకు, తాతకు గోండిలో విడమరచి చెప్పాలి. మర్నాడు అవ్వ ఏమందో తరగతిలో చెప్పాలి. అవ్వకు అర్థం కాలేదంటే పిల్లవాడికీ సరిగా అర్థం కాలేదని మాకు తెలుస్తుంది, మళ్లీ చెబుతాం. కోయ, కొలాం, నాయక్‌పోడ్ ఊళ్లలో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు కూడా తమ పిల్లల భాషలో ఈ పని చేసి చూడాలని కోరుతున్నాం. మొదటి వారానికి ఓటీపీతో మొదలుపెట్టండి.