నూనె చేతులు, తెల్ల దారం

నరసాపురం, 18 ఆగస్టు 2025

పొద్దున రెండిళ్ళు. కాళ్ళు చాపి పిల్లాణ్ణి బోర్లా వేసుకుని వీపుకి కొబ్బరినూనె రాస్తున్నాను. నాయనమ్మగారు పక్కనే కూర్చుని “ముక్కు నొక్కమ్మా, చట్టిగా ఉండిపోద్ది” అంటారు. ఎంత నొక్కినా చివరికి వాళ్ళ నాన్న ముక్కే వస్తుందండీ అన్నాను. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, రొమ్ములు పిండడం మా అమ్మ చేసేది. పిల్లల డాక్టరుగారు వద్దన్నాక నేను మానేశాను. సాంబ్రాణి పొగ మాన్పించడమే గగనంగా ఉంది.

మధ్యాహ్నం లేసు. దానికి ముందు శనగపిండితో మోచేతుల దాకా రుద్దుకోవాలి. గోళ్ళ సందులు మరీ ముఖ్యం. తెల్ల దారానికి నూనె అంటితే అప్పుడేమీ తెలీదు, ఇస్త్రీ పెట్టె తగిలాక పసుపు మరక తేలుతుంది. ముక్క తిరిగొచ్చేస్తుంది, కూలీ పోతుంది. అందుకే ఎంత తొందర ఆర్డరైనా పొద్దుటి పూట సూది పట్టను.

27 ఆగస్టు

వినాయక చవితి. ఉండ్రాళ్ళు పొయ్యి మీదుండగా ఏజెంటు ఫోను. ఇవాళ్టి నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం యాభై శాతమట, కొత్త దారం ఇప్పట్లో ఇవ్వలేనన్నాడు. చేతిలో ఉన్న టేబులు కవరు ముక్కలు మాత్రం పూర్తి చేసి అతుకుపని వాళ్ళకి అందించమన్నాడు.

1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడ ఆడవాళ్ళకి లేసు నేర్పారంటారు. అప్పట్నుంచీ ఈ పని బతుకు సముద్రం అవతలే ఉంది. పోయినేడు జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషమే. అది నరసాపురం పేరుని కాపాడుతుంది. కూలి రేటు దాని జోలి కాదు. ఈ నెల బియ్యం, గ్యాసు బాలింతల నీళ్ళ మీదే గడవాలి.

14 సెప్టెంబరు

ఎదురింటి అమ్మాయి కాలేజీలో చదివిన సంగతి చెప్పింది. జర్మనీ ఆవిడ మరియా మీస్ ఇక్కడికొచ్చి మన లేసు వాళ్ళ మీద పుస్తకం రాసిందట, 1982లో అచ్చయిందట. వీళ్ళు చేసేది పని కాదు, ఇంటి ఇల్లాళ్ళ తీరుబాటు అని పేరు పెట్టబట్టే కూలి అంత తక్కువగా ఉంచగలిగారని ఆవిడ వాదన. నాకు రెండు వైపులా అదే పాట. లేసంటే “ఖాళీగా ఉన్నప్పుడేగా అల్లేది”, మర్దనంటే “మా అత్తగారుంటే ఆవిడే చేసేది”. ఇప్పుడు నూనె గిన్నె ముట్టకముందే రేటు చెప్పేస్తున్నాను. మొహం మాడ్చుకున్న వాళ్ళున్నారు, పిలవడం మానినవాళ్ళు తక్కువ.

బొటనవేలి మొదట్లో నొప్పి. సూదిని నొక్కిపట్టేదీ ఆ వేలే, వీపు మీద కండ నొక్కేదీ ఆ వేలే. అందుకని మర్దనలో అరచేతి మడమ, ముంజేయి వాడుతున్నాను. ఒంటి బరువు భుజం మీదుగా దించితే చాలు, బలం పెట్టక్కర్లేదు. వేలుని లేసుకి దాచుకుంటున్నాను.

31 అక్టోబరు

మొంథా తుపాను 28 రాత్రి మన పక్కనే తీరం దాటింది. ఇవాళ మళ్ళీ పనిలోకి వెళ్ళాను.

కొత్త బాలింత. చాప మీద కూర్చోబెట్టి చూస్తే ఎడమ పిక్క కుడిదాని కన్నా లావుగా ఉంది. చేయి వేస్తే వేడి, అడుగు వేస్తే నొప్పి. “నీరు పట్టింది, గట్టిగా రాయి, దిగిపోద్ది” అన్నారు వాళ్ళమ్మగారు. రాయనన్నాను. కాన్పయిన కొత్తలో కాలి నరంలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. “డబ్బులు తీసుకుని చేయి వేయనంటావేంటి?” అన్నారు. డబ్బులు గూట్లో పెట్టేసి ఆటో పిలిపించాను. సాయంత్రం స్కానింగులో గడ్డే అని తేలింది. మందులు మొదలెట్టారు. ఆవిడ నాకు ఫోను చేయలేదు, అల్లుడు చేశాడు.

11 నవంబరు

విశ్వకర్మ పథకం జాబితా చదివించుకున్నాను. పద్దెనిమిది వృత్తులు. చేపల వల అల్లేవాళ్ళున్నారు, లేసు అల్లేవాళ్ళు లేరు. క్షురకులున్నారు, మర్దన లేదు. రెండు పనులు చేతిలో ఉండి ఒక్కదానికీ చోటు దొరకని ఘనత నాది!

ఈ-శ్రమ్‌లో నయం, ప్రధాన వృత్తి, రెండో వృత్తి అని విడివిడిగా అడుగుతారు. “లేసు ముందు రాద్దామా పిన్నీ, నరసాపురం కదా” అన్నాడు కంప్యూటరు కుర్రాడు. ఈ ఏడు ఇల్లు నడిపింది మర్దన. అదే ముందు రాయించాను, లేసు రెండోది. సంక్రాంతి నుంచి రెండింటి రేట్లూ పెంచుతున్నాను.