లెక్కలోకి రాని గాలి



ఈ వారం ఒక పాత సంగతి మీతో చెప్పాలని ఉంది. నాకు పేరు తెచ్చే సంగతి కాదు. మా సంఘంలో కొందరికి తెలుసు. తెలియనివారికి నా నోటితోనే తెలియడం మంచిది.

2011లో మాకు ఒక పాత మారుతి ఓమ్ని వ్యాన్ ఉండేది. మూడు సిలిండర్ల కార్బురేటర్ బండి. ఇద్దరు ముగ్గురి చేతులు మారి మా దగ్గరికి వచ్చింది. గోదావరికి ఇవతల జగిత్యాల వైపు రెండు ఊళ్ళు, రాయపట్నం వంతెన దాటితే లక్సెట్టిపేట వైపు మూడు ఊళ్ళు, ఇదీ నా పరిచర్య. అప్పట్లో ఇవతల కరీంనగర్ జిల్లా, అవతల ఆదిలాబాద్ జిల్లా. ఆ బండి లేకపోతే ఆదివారం మూడు ఆరాధనలు జరిగేవి కావు.

ఆ ఎండాకాలంలో బండికి ఒక రోగం పట్టింది. రోడ్డు మీద యాభైలో పోతుంటే ఏ బాధా లేదు. ఎక్కడైనా నిలబెడితే వణికేది, కార్బురేటర్‌లోంచి 'ఠప్' మని ఒక దగ్గు దగ్గేది, ఆగిపోయేది. ఒకరోజు కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర నడిరోడ్డు మీద మూడుసార్లు ఆగింది. వెనకనుంచి ఆటోలవాళ్ళు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

దగ్గరలోని ఒక మెకానిక్‌కు చూపించాను. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు ట్యాంకు కడిగాడు. కార్బురేటర్ విప్పి కొత్త కిట్ వేశాడు. చివరికి మిక్చర్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచాడు. వారం రోజులు బాగుంది, తర్వాత మళ్ళీ మొదలు. మళ్ళీ కొంచెం తిప్పాడు. మళ్ళీ వారం. అలా మొత్తం ఏడు వేల నాలుగు వందలు అయింది.

అంత డబ్బు నా దగ్గర లేదు. సంఘం ప్రహరీ గోడ కోసం కూడబెడుతున్న డబ్బు నా బీరువాలో ఉంది. మా సంఘంలో బీడీలు చుట్టే అమ్మలు, పత్తి ఏరే అమ్మలు వారం వారం పదీ ఇరవై తెచ్చి వేసిన డబ్బు. అందులోంచి ఐదు వేలు తీశాను. బండి సేవకే కదా, పంటలు వచ్చాక కానుకలు వస్తాయి, అప్పుడు పెట్టేద్దాం అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలో రాయలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, అవతలి ఊరి సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు. సింగరేణిలో పనిచేసి రిటైరై సొంతూరికి వచ్చిన మనిషి. "అయ్యగారూ, గోడ పైసలు ఎంతైనయో ఒకసారి లెక్క చదువుతరా?" అని అడిగాడు. గొంతులో ఏ కోపమూ లేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. "వచ్చే నెల చెప్తాను" అన్నాను. వచ్చే నెల చెప్పలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు. నేను ఆయన ఇంటికి వెళ్ళడం మానేశాను.

ఆ తర్వాత నేను ఖాళీగా ఉన్నది లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఒకటి ఉంటే రెండు చేశాను. బుధవారం కుటుంబ కూడికలు పెట్టాను. ప్రసంగం చెప్తున్నంతసేపూ బాగుండేది. ఇంటికి వచ్చి ఒంటరిగా మోకాళ్ళ మీద ఉంటే రెండు నిమిషాలు కూడా ప్రార్థన నిలిచేది కాదు. పని ఒత్తిడి అనుకున్నాను. సాతాను శోధన అనుకున్నాను. ఇంకొక కూడిక పెట్టాను.

డిసెంబరులో సెమీ క్రిస్మస్ కార్యక్రమాల మధ్య బండి జగిత్యాలలో పూర్తిగా మొండికేసింది. ఎవరో చెప్తే ఒక పాత మెకానిక్ దగ్గరికి తోయించుకుని వెళ్ళాను. ముస్లిం పెద్దమనిషి. పానా ముట్టకుండానే ఒక ప్రశ్న వేశాడు.

"పాస్టర్ సాబ్, బండి నిలబడ్డప్పుడు ఆగుతదా, గుట్ట ఎక్కేటప్పుడు ఆగుతదా?"

"నిలబడ్డప్పుడే భాయ్. గుట్ట బాగానే ఎక్కుతుంది."

"అయితే పెట్రోలు తక్కువ వస్తలేదు. గాలి ఎక్కువ పోతుంది."

ముందు సీటు ఎత్తాడు. ఓమ్నికి ఇంజను దాని కిందే ఉంటుంది. ప్లగ్గులు విప్పి నా చేతిలో పెట్టాడు. మంచిగా మండే ఇంజను ప్లగ్గు బిస్కెట్ రంగులో ఉంటుందట. పెట్రోలు ఎక్కువైతే మసి పట్టి నల్లగా, గాలి ఎక్కువైతే తెల్లగా ఉంటుందట. నా ప్లగ్గులు బూడిదలా తెల్లగా ఉన్నాయి. మళ్ళీ బిగించి స్టార్ట్ చేసి, చోక్ సగం లాగాడు. వణుకు ఆగింది. "చూసిండ్రా? చోక్ గాలిని ఆపుతది. గాలి తగ్గంగనే నిమ్మళమైంది. దీన్నే లీన్ అంటరు" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది, అటు తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెప్తాను. పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. కార్బురేటర్ మధ్యలో ఒక సన్నని గొంతు ఉంటుంది. గాలి అక్కడ ఇరుకై వేగంగా పోతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గిన ఒత్తిడికి తగినంత పెట్రోలు పైకి వస్తుంది. ఎంత గాలి పోతే అంత పెట్రోలు. ఆ గొంతును వెంచురీ అంటారు. ఆ సూత్రాన్ని 1797లో ప్రచురించిన ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని బాటిస్టా వెంచురీ ఒక కేథలిక్ గురువు కూడా అని తెలిసినప్పుడు నాకు సంతోషం వేసింది.

అయితే కార్బురేటర్ తన గొంతులోంచి పోయిన గాలినే లెక్కపెడుతుంది. దాని కిందనుంచి, ఏ పగులులోంచో దొంగతనంగా దూరిన గాలి దానికి తెలియదు. ఆ గాలికి పెట్రోలు రాదు. బండి నిలబడి ఉన్నప్పుడు లోపలి పీల్పు చాలా బలంగా ఉంటుంది, వచ్చే గాలి మాత్రం కొంచెమే. అప్పుడు చిన్న పగులు కూడా పెద్ద వాటా తీసుకుంటుంది. ఆక్సిలరేటర్ తొక్కితే పీల్పు తగ్గుతుంది, సరైన దారిలో బోలెడు గాలి వస్తుంది. దొంగ గాలి అందులో కలిసి కనబడకుండా పోతుంది. పగులు అలాగే ఉంటుంది, వేగం దాన్ని దాచిపెడుతుంది. పెట్రోలు పెంచినా దాచిపెట్టడమే. ఇప్పటి కార్లలో సైలెన్సర్ గొట్టంలో ఒక సెన్సర్ ఉండి, మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, కంప్యూటర్ చేత పెట్రోలు పెంచిస్తుంది. డ్రైవరుకు ఏమీ తెలియదు. పెంచగలిగినంత పెంచి, ఇక చేతకానప్పుడు మాత్రమే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది.

మెకానిక్ మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. రెండో కొసను ఇంజను మీద అంగుళం అంగుళం జరిపాడు. ఒకచోట ఆగాడు. గొట్టం నా చెవికి ఇచ్చాడు. 'స్స్స్' మని సన్నగా, పాము బుస కొట్టినట్టు వినబడింది. మేనిఫోల్డ్‌కు తగిలించిన చిటికెనవేలంత రబ్బరు పైపు. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. అడుగు వైపు క్లిప్పు దగ్గర పగిలింది. దాన్ని పట్టకారుతో నొక్కి పట్టుకున్నాడు. ఇంజను ఒక్కసారిగా నిమ్మళించింది. అంత నిశ్శబ్దంగా ఆ బండి నడవడం నేను ఆరోజే విన్నాను.

కొత్త పైపు ముప్పై రూపాయలు. స్క్రూ మళ్ళీ వెనక్కి తిప్పాడు. "ఇంత ఖర్చు ఎందుకు పెట్టిండ్రు సాబ్? ముందుగాల అడగాల్సింది" అన్నాడు.

ప్రియులారా, ఆ ముప్పై రూపాయలు చేతిలో పెడుతుంటే నా చెయ్యి వణికింది. ఐదు వేలు గుర్తొచ్చాయి. లెక్కపుస్తకం గొంతులోంచి పోకుండా పక్కనుంచి పోయిన డబ్బు. ఇన్ని నెలలుగా నేను వేగంతో దాచిపెట్టింది అదే. నిలబడ్డచోట ఆగిపోయింది బండి ఒక్కటే కాదు.

106వ కీర్తనలో అరణ్యంలోని ఇశ్రాయేలీయుల గురించి ఉంది. వారు ఆశపడినది దేవుడు ఇచ్చాడు, కానీ వారి ప్రాణాలకు క్షీణత కలిగింది. చేతులు నిండుగా, లోపల పలచగా. నా కూడికల సంఖ్య పెరుగుతున్న కాలంలో నా స్థితి అదే. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు, బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు. నేను ఆ మాట మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. కానీ జాగ్రత్తగా చూడండి. అక్కడ ప్రభువు చెప్పింది నాకు సహోదరుని మీద ఉన్న కోపం గురించి కాదు, సహోదరునికి నా మీద ఉన్న ఫిర్యాదు గురించి. నేను నొచ్చుకున్నాను అనుకుంటూ తిరిగాను. నిజానికి ఫిర్యాదు ఉండాల్సింది ఆయనకు.

మరునాడు ఒక ఊళ్ళో ఉపవాస ప్రార్థన ఉంది. రాలేనని కబురు పంపాను. రాత్రే నా భార్యకు అంతా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చెవి కమ్మలు తీసి ఇచ్చింది. తీసుకోవడానికి మనసొప్పలేదు. వేరే దారి కూడా లేదు. జగిత్యాలలో కుదువ పెట్టి, పుస్తకం, ఐదు వేలు పట్టుకుని వంతెన దాటాను.

పెద్దయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చిండ్రా అయ్యగారూ, అన్నం తిన్నరా?" అన్నాడు. నేను నిలబడే చెప్పాను. అంతా విని, డబ్బు లెక్కపెట్టి, పుస్తకంలో తీసిన తేదీ, పెట్టిన తేదీ రెండూ నాచేత రాయించాడు. దాచమని నేను అడగలేదు, దాస్తానని ఆయన అనలేదు. ఆఖరున ఒక మాట అన్నాడు. "గనిలో మేము గాలిని కూడా కొలిచేటోళ్ళం అయ్యగారూ. కొలవకపోతే మనుషులు సస్తరు."

ఆ ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాను. రెండు కుటుంబాలు కొన్నాళ్ళు ఆరాధనకు రాలేదు. ఒకటి తిరిగి వచ్చింది, ఒకటి రాలేదు. ఆ నష్టం నాదే. అప్పటినుంచి సంఘం డబ్బు నా ఇంట్లో ఉండదు. నెల మొదటి ఆదివారం లెక్క చదువుతాం, ముగ్గురు సంతకం పెడతారు. యెరూషలేము పరిశుద్ధుల చందాను పౌలంతటివాడు ఒంటరిగా మోయలేదు. ఎవరూ నింద వేయడానికి చోటు లేకుండా వేరే సహోదరులను తోడు పెట్టుకున్నాడని 2 కొరింథీ 8వ అధ్యాయంలో చదువుతాం. అపొస్తలునికి అవసరమైన జాగ్రత్త నాకు అవసరం లేదని ఎలా అనుకున్నానో!

ఇప్పుడు ఆ వ్యాన్ లేదు. పెద్దయ్య కూడా ప్రభువునందు నిద్రించాడు. కానీ మెకానిక్ ప్రశ్న నాతోనే ఉంది. పని మోస్తున్నప్పుడు అలసిపోతున్నావా? అయితే నీకు బలం కావాలి, ప్రభువును అడుగు. నిశ్శబ్దంగా నిలబడలేకపోతున్నావా? అయితే ఇంకొక కూడిక పెట్టుకోకు. ఎక్కడో సన్నగా బుస వినబడుతోంది, చెవి పెట్టి వెతుకు.

ప్రార్థన: ప్రభువా, మా వేగంలో మేము దాచుకున్నవి నీకు తెలుసు. మమ్మల్ని నిలబెట్టి, చూపించి, బాగుచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.