షిఫ్టుకు అందాలని

దసరాకి ఊరెళ్ళి కాడుగోడికి తిరిగొస్తా ఉన్నాము. టెంపో ట్రావెలర్‌లో పదిహేను మందిమి, పైన బియ్యం మూటలు. బాగేపల్లి దాటినాక "తొందరగా పోనీ అన్నా, ఆరింటికి షిఫ్టు" అని డ్రైవరును తరిమింది వేరే ఎవరో కాదు, మా ఆయనే. ముల్లు నూరు దాటింది. మలుపులో బండి ఒరిగి, నా ఒళ్ళో పాప తల ముందు సీటుకు తగిలింది. ఎత్తు బండి, నెత్తిన బరువు, ఒరగక ఏం చేస్తుంది?

చిక్కబళ్ళాపురం వచ్చేకొద్దీ నాకు గుండె దడ. 2023 అక్టోబరు 26న ఇక్కడే, పొద్దుటి మంచులో, ఆగివున్న ట్యాంకరును టాటా సుమో గుద్దింది. 13 మంది పోయారు. మనలాగే ఆంధ్రా నుంచి బెంగళూరుకు పనికి వచ్చేవాళ్ళు అందులో ఉన్నారు. నూరు వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ముందు లారీ కనబడి కాలు బ్రేకు మీదికి పోయేలోపే అంత దూరం అయిపోతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పట్టే దూరం నాలుగింతలు.

"అన్నా, బండి నిలుపు, పాపకు వాంతి" అన్నాను. వాంతీ లేదు, ఏమీ లేదు. అందరూ దిగి టీ తాగారు. డ్రైవరు మొహం కడుక్కున్నాడు, పాపం రాత్రంతా నిద్ర లేదు ఆయనకు. తర్వాత అరవైలోనే వచ్చాము.

షిఫ్టు తప్పింది, ఆ పూట కూలి పోయింది. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. సంక్రాంతికి మాత్రం, ఏమనుకున్నాడో, ఊర్నించి ఒకరోజు ముందే బయల్దేరదాం అన్నాడు.